రొట్టె కొసముక్క

మొంత్రేయ్
1904 నవంబరు 8, మంగళవారం

ప్రియమైన సిదోనీకి,

ఈ రోజు పనులు: దుప్పట్లన్నీ ఉతికి ఆరేశాను. క్యాబేజీ తరిగి రెండు జాడీల్లో ఉప్పు వేసి ఊరబెట్టాను. పీచు పండ్ల చెట్ల కొమ్మల్ని గోడకు బిగించడానికి మీ అన్నయ్య పాత చొక్కా ఒకటి పీలికలుగా చించాను. అత్తగారి మేజోళ్లకు మడమలు అల్లాను. కోళ్ల గూడు కడిగాను. ఇదంతా ముందే ఎందుకు రాస్తున్నానంటే, తర్వాతి సంగతి చదివి "వదినకు పనిలేక ఇలాంటివి పట్టించుకుంటోంది" అని నువ్వు అనకూడదు.

మన తోట గోడకు అవతల గాజు ఇల్లు ఒకటి లేచిందని వేసవిలో రాశాను. కూరగాయలు పెంచుకోవడానికేమో అనుకున్నాం. కాదు. మీ గుడారంలో ఆడే కదిలే బొమ్మలు అక్కడే తీస్తున్నారు. తెరలకు వేసే రంగుల్లో కలపడానికి పొద్దుటి నుంచి కుందేలు తోళ్లు ఉడికించి జిగురు చేస్తారు. ఆ కంపు గోడ దాటి వచ్చి ఉతికిన బట్టల్లో చేరుతుంది. ఇవాళ్టి దుప్పట్లు మళ్లీ ఉతకాలి.

కాయలు కోసే నిచ్చెన ఎక్కి ఒకసారి చూశాను. మీరు జనానికి మాయ అని చూపించేది ఏమిటో తెలుసా? ఒకడు బొమ్మలు తీసే పెట్టె పక్కన నిలబడి పిడి తిప్పుతుంటాడు. ఆ యజమాని, మొస్యో వెర్దియే, అరవగానే పిడి ఆగుతుంది. అందరూ ఉన్నచోట ఉన్నట్టు బిగుసుకుపోతారు. అప్పుడు ఒక మనిషిని తీసేసి అక్కడ కుర్చీనో మేకనో పెడతారు. పిడి మళ్లీ తిరుగుతుంది. చూసేవాళ్లకు మనిషే మేక అయిపోయాడు. నేను పరుపు మీద దుప్పటి మార్చినంత తేలిగ్గా మనుషుల్ని మారుస్తున్నారు. ఆ సాయంత్రమే ఒక అమ్మాయి తల తీసి బుట్టలో పెట్టడం చూశాను. కాగితం తలే అనుకో. అయినా రాత్రి భోజనం సహించలేదు.

అసలు సంగతికి వస్తాను. ఆదివారం ఆ వెర్దియే టోపీ చేత్తో పట్టుకుని మన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అతనికి నిజమైన ముసలమ్మ కావాలట. "పూసిన ముడతలు బొమ్మలో తెలిసిపోతున్నాయి మదాం. మీ ఇంట్లో అసలువి ఉన్నాయని విన్నాను" అన్నాడు. నేను తలుపు వేయబోతున్నాను. దుంపలు చెక్కుతున్న అత్తగారు తలెత్తింది.

"ఏం వేషం?"

"పిసినారి ముసలమ్మ. ఒక బాటసారి రొట్టె అడుగుతాడు. మీరు పెట్టరు. వాడు మాంత్రికుడు. మిమ్మల్ని ఆడపందిని చేస్తాడు."

నేను చీపురు కోసం చూస్తున్నాను. ఆవిడ మాత్రం, "ఈ బొమ్మలు సంతలకు వెళ్తాయా?" అని అడిగింది.

"ఫ్రాన్సులో గుడారం వేసే ప్రతి సంతకూ వెళ్తాయి మదాం."

"అయితే వస్తాను."

డెబ్బై దాటిన మనిషి. ఆదివారం ప్రార్థనకు నల్ల లేసు టోపీ పెట్టుకోకుండా వెళ్లని మనిషి. పంది అవుతుందట. మీ అన్నయ్య ఎవరిస్త్‌కు చెబితే "అమ్మ ఇష్టం" అని చెట్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నువ్వైనా ఆమెకు రెండు ముక్కలు రాసి ఆపు. మీ ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవని తెలుసు. కానీ కన్నతల్లిని పందిని చేస్తుంటే ఊరుకునే కూతురు ఉంటుందని నేను అనుకోను.

నీ వదిన,
ఓర్తాన్స్

*

రువాన్, సంత మైదానం
నవంబరు 13

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే మా ఆయన అనతోల్ వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. నా నవ్వు అలా ఉందట.

నేను రాయను. రాసినా ఆమె చదవదు. మా పెళ్లికి ముందు రాత్రి నువ్వూ ఆ బల్ల దగ్గరే ఉన్నావు. మర్చిపోయి ఉంటావు, ఎందుకంటే నువ్వు గిన్నెలు లెక్కపెట్టుకుంటున్నావు. "సంతల్లో తిరిగేవాణ్ని కట్టుకుంటే నీ గుడారంలో నా అడుగు పడదు, దేవుడి మీద ఒట్టు" అంది. సరే, అది మాట. మాట పడగలను. తర్వాత రొట్టె అందుకుంది. ఎప్పటిలాగే బోర్లించి కత్తి మొనతో కింద శిలువ గీసింది. కొసముక్క కోసింది. నాకు పళ్లు వచ్చినప్పటి నుంచి మన ఇంట్లో ఆ గట్టి ముక్క నాది. అన్నయ్య ఏడ్చినా, నాన్న అడిగినా అది నాదే. దాన్ని నా చెయ్యి చాచిన వైపు కాకుండా బల్ల కింద ఉన్న మెదోర్‌కు వేసింది. కుక్క నమిలిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ముక్క నా గొంతులో అలాగే అడ్డంపడి ఉంది వదినా. తినకుండానే.

కాబట్టి ఆమె పంది కావాలనుకుంటే కానివ్వు. నాకేం?

నీకు అసహ్యం అనిపించేదే మా పొయ్యి వెలిగిస్తోంది. అలాగని ఇక్కడ శుభ్రంగా ఉందనుకోకు. బొమ్మలాడించే దీపంలో మండే ఈథరు వాసన, తడిసిన కోట్ల వాసన, నారింజ తొక్కలు, బెంచీల కింద ఉమ్ములు. టికెట్లు నేనే చింపుతాను. ప్రతి ఆట తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుంటాను. అయినా ఒక అమ్మాయి సీతాకోకచిలుక అయ్యేసరికి అంతమంది నోళ్లు ఒక్కసారి తెరుచుకుంటాయి చూడు, అది బాగుంటుంది. వాళ్ల పళ్లు చూడకపోతే.

సిదోనీ

*

మొంత్రేయ్
నవంబరు 24, గురువారం

ప్రియమైన సిదోనీకి,

ఈ రోజు పనులు: పొయ్యి బూడిద ఎత్తలేదు. పాలు పొంగి పోయాయి. కోళ్లకు గింజలు మీ అన్నయ్య వేశాడు, అంటే సగం పిచ్చుకలకు వేశాడు. కారణం, పగలంతా ఆ గాజు ఇంట్లో గడిచింది. ఆవిణ్ణి ఒంటరిగా పంపలేక నేనూ వెళ్లాను.

లోపల రంగు అనేదే లేదు. గోడలు, బల్ల, బల్ల మీది చెర్రీపళ్లు, పొయ్యిలో మంట, అన్నీ బూడిద రంగు పూసిన గుడ్డా అట్టా. ఎరుపు రంగు బొమ్మలో నల్లగా పడుతుందట. అందుకని దేవుడిచ్చిన రంగులన్నీ తుడిచేసి కూర్చున్నారు. మీ అమ్మ ముఖానికి సున్నం లాంటిది పట్టించి పెదవులకు నలుపు పూశారు. బతికున్న మనిషిని ముందు శవాన్ని చేశారు, తర్వాత పందిని చేయడానికి. శాలువా తీసేయమన్నారు. పిసినారికి వెచ్చటి బట్టలు ఉండవట. గాజు కప్పు కింద మంచు గడ్డకట్టే చలి. ఆవిడ పలచటి రవికెతో నిలబడింది.

మొదటి భాగంలో ఆవిడ తన ఇష్టం వచ్చినట్టు ఏదో చేసింది. వెర్దియే జుట్టు పీక్కున్నాడు. అదంతా రాసి కాగితం దండగ చేయను.

తర్వాత బాటసారి వచ్చాడు, కర్ర తిప్పాడు. "ఆగండి! కదలొద్దు! ఊపిరి కూడా లోపలే!" అని అరుపు. పిడి ఆగింది. మీ అమ్మ రెండు చేతులూ పైకెత్తి, ఒక కాలు ముందుకు పెట్టి, అలాగే. చెప్పుల చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు, పంది సరిగ్గా అక్కడే నిలబడాలని. బాటసారి కర్ర ఎత్తి అలాగే. పంది రాలేదు.

నలుగురు తోశారు. ఒకడు ఉడికిన దుంప చూపించాడు. అది దుంప తిని, బూడిద రంగు పొయ్యి ముందు నిలబడి, నువ్వు ఊహించగలిగిన పని చేసింది. ఆ కంపు, కుందేలు జిగురు కంపు, పూసిన సున్నం వాసన కలిసి ఏమైందో నేను వర్ణించను. వెర్దియే పంది మీద విరుచుకుపడ్డాడు: "నీలాంటి నటిని నా జన్మలో చూడలేదు! నీ జీతం కోసేస్తాను!" కర్ర ఎత్తి బిగుసుకుపోయిన బాటసారి పెదవులు మాత్రం కదిపి "మొస్యో, నా ముక్కు దురద పెడుతోంది" అన్నాడు. "రేపు గోక్కో!" అన్నాడు వెర్దియే. మీ అమ్మ ఎత్తిన చేతులు వణుకుతున్నాయి. ఎవరూ చూడటం లేదు.

చివరికి పంది వచ్చింది. పని అయింది. నేను శాలువా పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. అంతే.

ఇంటికి వస్తూ దారిలో ఆవిడ అడిగిన ఒకే ఒక మాట: "ఇది రువాన్ వైపు సంతలకు ఎప్పుడు చేరుతుంది?"  ముఖం మూడుసార్లు కడిగినా చెవుల వెనక ఇంకా సున్నం ఉంది. సాయంత్రం నుంచి దగ్గు.

ఓర్తాన్స్

*

ఎల్బెఫ్
1905 జనవరి 17

వదినా,

"పక్కన నిలబడి ఉన్నాను. అంతే." అని రాశావు! ఎంత అమాయకంగా రాశావు!

అనతోల్ పారిస్ వెళ్లి కొత్త బొమ్మలు కొనుక్కొచ్చాడు. నిన్న మొదటి ఆట. ముసలమ్మ చేతులెత్తింది. కర్ర తిరిగింది. పొగ. పొగలోంచి ఎవరు వచ్చారనుకున్నావు? పంది కాదు. గీతల ఏప్రన్ కట్టుకుని, శాలువా రెండు చేతులా చాపి, వంటింటి తలుపు తీసి పిల్లిని తరమడానికి వచ్చినట్టు, మా వదిన! నువ్వు బాటసారి వైపు తిరిగి నోరు తెరిచావు. మాట వినపడదు కదా, అయినా గుడారంలో ఉన్న ప్రతి ఆడదానికీ నువ్వేమన్నావో అర్థమైంది. బాటసారి అదిరిపోయి మళ్లీ కర్ర తిప్పాడు. మళ్లీ పొగ. అప్పుడు పంది. జనం బెంచీలు విరిగేలా నవ్వారు. నేను టికెట్ల పెట్టె మీద వాలిపోయి నవ్వాను.

ఆ తర్వాతిది కూడా రాస్తాను. రాయకపోతే ఎవరికి చెప్పుకోను?

పంది సుద్దగీతలో నిలబడి మూతి ఆడించింది. వెనక బెంచీ నుంచి ఒకడు "ముసలిదాని కన్నా ఇదే నయం!" అన్నాడు. ఇంకొకడు "దాన్ని వదిలెయ్యకు, ముద్దు పెట్టుకో!" అన్నాడు. ఉమ్ముతూ నవ్వుతున్నారు. నేను ఆ నవ్వుకే టికెట్లు చింపి ఇచ్చాను. ఇంతలో అనతోల్ పిడి తిప్పుతూనే నా వైపు వంగి అన్నాడు: "మీ అమ్మ ఈ గుడారంలో అడుగు పెట్టనంది కదా? చూడు, నాలుగు కాళ్ల మీద వచ్చింది!"

బయటికి వెళ్లి బండి చక్రం పట్టుకుని వాంతి చేసుకున్నాను. రాత్రంతా అతనితో మాట్లాడలేదు. పొద్దున "జోక్ చేశాను" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు వదినా. కానీ ఆ మాట అన్న నోరు ఈ రోజంతా చూడలేకపోయాను.

అసలు అమ్మ ఇలా చేసిందెందుకు? మూడేళ్లు మాట్లాడకుండా ఉండి, చివరికి పిసినారి ముసలమ్మ వేషంలో వచ్చి, రొట్టె పెట్టను పొమ్మని నా గుడారంలో నా ముఖం మీదే చెప్పి, పంది అయిపోయి వెళ్లింది. కుక్కకు వేసింది చాల్లేదా?

సిదోనీ

*

మొంత్రేయ్
జనవరి 20, శుక్రవారం

సిదోనీ,

ఈ రోజు పనులు: అత్తగారి ఛాతీకి ఆవాల పట్టు రెండుసార్లు వేశాను. సూప్ మూడుసార్లు కాచాను, మూడుసార్లూ పారబోశాను. మిగతా ఏ పనీ చేయలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది.

ముందు నా సంగతి తేల్చేస్తాను. వెర్దియే టోపీ తలమీంచి తీసి కిందికి దించితే పిడి తిప్పాలని వాళ్ల ఏర్పాటు. పందిమీద కోపంతో అతను ఆ టోపీ నేలకేసి కొట్టాడు. పెట్టె దగ్గరివాడు తిప్పడం మొదలుపెట్టాడు. నేను అప్పటికే మీ అమ్మను పక్కకు లాగి, ఆ సుద్దగీతలో నిలబడి, శాలువా చాపి, ఆ బాటసారిని "అసహ్యం! మీకు తల్లులు లేరా?" అని అడుగుతున్నాను. మళ్లీ తీయడానికి ఎండ లేదని దాన్ని అలాగే ఉంచారు. ఇప్పుడు రొట్టెల దుకాణంలో ఆ ఆడమనిషి రోజూ "మదాం ఓర్తాన్స్, ఇవాళ తలుపులోంచి వచ్చారా, పొగలోంచా?" అంటోంది. రొట్టె వేరే వీధిలో కొంటున్నాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్పాను. ఇక ఆ ఊసు వద్దు.

ఇప్పుడు అసలు విషయం. శాంతంగా చదువు.

క్రిస్‌మస్ నుంచీ ఆవిడ మంచం దిగలేదు. ఆ చలే కారణం. పోస్టు మనిషి వచ్చే వేళకు మాత్రం దిండు ఆనుకుని కూర్చుంటుంది. నీ ఎల్బెఫ్ ఉత్తరం రాగానే "చదువు" అంది. చదివాను. నీ మొగుడి నాలుగు కాళ్ల మాట మింగేసి మిగతాది చదివాను. అయ్యాక, "రొట్టె గురించి?" అంది.

"రొట్టె పెట్టలేదని బాధపడింది."

"అది కాదు. ముందుది. నేను ఇచ్చింది."

"ముందుది ఏమీ రాయలేదు అత్తయ్యా."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి చెంచా నోటి దాకా వస్తే పెదవులు బిగిస్తోంది. వైద్యుడు, "ఊపిరితిత్తులు కాదు మదాం, ఇప్పుడు నాకు ఆకలి గురించే భయం" అన్నాడు.

కాగితం దండగ అని నవంబరులో నేను రాయనిది ఇది. పెట్టె తిరగడం మొదలవగానే ఆవిడ బల్ల దగ్గర కూర్చుని రొట్టె కోయాలి, బాటసారి రాగానే దాచాలి. అంతే ఆవిడ పని. ఆవిడేం చేసిందంటే, రొట్టె బోర్లించి కత్తితో శిలువ గీసింది, కొసముక్క కోసింది, లేచి, బల్ల చుట్టూ నడిచి, తిన్నగా ఆ పెట్టె ముందుకు వచ్చి, ఆ ముక్కను పెట్టె కంటికేసి చాపింది. అలాగే నిలబడింది. చిన్నపిల్ల అందుకునే దాకా ఆగినట్టు.

వెర్దియే అరిచాడు: "మదాం పెలాజీ! మీరు పిసినారి! రొట్టె ఇవ్వకూడదు!"

"వాడికి ఇవ్వడం లేదుగా" అంది ఆవిడ. "ఇది వాడికి కాదు."

"మరెవరికి? అక్కడ ఎవరున్నారు?"

ఆవిడ వెళ్లి బుద్ధిగా కూర్చుని మిగిలినదంతా అతను చెప్పినట్టే చేసింది. ముసలితనం వల్ల మతి తప్పిందని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా నాకు అసహ్యంగానే తోచింది, పదిమంది ముందు అలా గాలికి రొట్టె చాపడం.

ఈ మధ్యాహ్నం నీ రువాన్ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. కుక్క సంగతి.

సిదోనీ, ఒకటే అడుగుతున్నాను, నిజం రాయి. మీ గుడారంలో ఆడిన దాంట్లో ఆ రొట్టె ఉందా, లేదా?

ఓర్తాన్స్

*

ఎల్బెఫ్
జనవరి 23

వదినా,

లేదు. మేము ఆడిన దాంట్లో బాటసారి తలుపు తట్టడంతోనే మొదలవుతుంది.

అనతోల్‌ను అడిగాను. "ముందు కొంచెం కత్తిరించాను" అన్నాడు. "ఎందుకు?" "పిసినారి ముసల్ది వచ్చి జనానికి రొట్టె ఇస్తుందేమిటి? కథ చెడిపోతుంది. జనం ఎవరికి ఇస్తోందని వెనక్కి తిరిగి చూస్తారు." అది నాకని అతనికి ఎలా తెలుస్తుంది? కొసముక్క సంగతి ఎప్పుడూ అతనికి చెప్పలేదు. చెప్పుకునేంత పెద్దదిగా కనిపించదు కదా, రొట్టె ముక్క.

కత్తిరించిన బొమ్మల పట్టీ ముక్కలు ఏం చేస్తామో నీకు తెలియదు. సీసాలో వేసి కరిగిస్తాం. ఆ ముద్దతోనే తెగిన బొమ్మల్ని అతికిస్తాం. నేను పరిగెత్తి సీసా తీశాను. అడుగున చిక్కటి జిగురు. వదినా, మా అమ్మ శిలువ గీయడం, రొట్టె కోయడం, ఆ సీసాలో ఉన్నాయి. ఈ వారం రోజులూ మా దెయ్యాల బొమ్మల్నీ, కోతుల బొమ్మల్నీ దాంతోనే అతికించాను. నా చేతులతోనే. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా వేళ్లకు ఆ వాసన పోవడం లేదు.

అనతోల్ చెత్తపెట్టె మొత్తం మంచు మీద బోర్లించి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క తునకా వెలుతురుకు పట్టి చూశాడు. మధ్యాహ్నం దాటాక ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, టోపీ తీసి, పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

జానెడు ముక్క. అందులో అమ్మ ఒకదాని కింద ఒకటిగా బోలెడన్నిసార్లు ఉంది. ఒక్కొక్కటీ నా బొటనవేలి గోరంత. అన్నిట్లోనూ చెయ్యి చాపి ఉంది. అన్నిట్లోనూ నావైపే చూస్తోంది.

శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఆటలు అనతోల్ చూసుకుంటాడు. ఈ ఉత్తరం ఆమెకు ఇప్పుడే చదివి వినిపించు. గట్టిగా చదువు. చదవగానే సూప్ పెట్టు.

సిదోనీ

*

మొంత్రేయ్
ఫిబ్రవరి 2, గురువారం

ప్రియమైన సిదోనీకి,

ఈ రోజు పనులు: కొవ్వొత్తుల పండగ కదా, పల్చటి అట్లు పోశాను. అత్తగారు రెండు తింది, మూడోది బాగా కాలలేదని తిరగ్గొట్టింది. దుప్పట్లు ఉతికాను. గాలి అటు మళ్లింది, జిగురు కంపు లేదు. పీచు చెట్లకు గుడ్డ పీలికలు పూర్తయ్యాయి. నువ్వు క్షేమంగా చేరావని కార్డు అందింది.

నువ్వు ఉన్నప్పుడు నోరు విప్పి అననిది ఇప్పుడు రాస్తాను. శనివారం మీ తల్లీకూతుళ్లను చూసి నాకు ఒళ్లు మండింది. అంత దూరం నుంచి నువ్వు వచ్చావు. నెల రోజులు దాటాక ఆవిడ మంచం దిగి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ జానెడు ముక్కను కిటికీకి పట్టి చూసి "నా ముక్కు ఇంత పెద్దదా?" అంది. నువ్వు "అవును" అన్నావు. ఇంతేనా మూడేళ్ల తర్వాత మాట్లాడేది?

పోనీ అనుకున్నాను, రొట్టె తెగనీ అనుకున్నాను. ఆవిడ శిలువ గీసింది. కొసముక్క కోసింది. బల్ల మీద పెట్టి నీవైపు జరపబోతోంది. మీ అన్నయ్య ఈ ఏడు మొగ్గలు బాగా పట్టాయని చెబుతూ చెబుతూ దాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు. నువ్వు చూశావు. ఆవిడ చూసింది. నేనూ చూశాను. ఒక్కరు ఒక్క మాట అనలేదు! ఆ మనిషి నమలడం అయ్యేదాకా అందరం ఆ దవడనే చూస్తూ కూర్చున్నాం. తర్వాత నువ్వు నవ్వడం మొదలుపెట్టావు, ఆవిడ దగ్గుతూ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారని మీ అన్నయ్య నన్ను అడిగాడు. ఇప్పటికీ అడుగుతున్నాడు.

బండెక్కే ముందు నువ్వు అడిగావు కదా, "అమ్మా, ఒక ఉత్తరం రాస్తే సరిపోయేదిగా, పంది అవ్వాలా?" అని. ఆవిడ అప్పుడు కిటికీ వైపు తిరిగింది. నిన్న నేను జడ వేస్తుంటే నాకు చెప్పింది.

"దేవుడి మీద ఒట్టు వేశాను ఓర్తాన్స్. దాని గుడారంలో నా అడుగు పడదని. పడలేదు. నా కాళ్లు ఇక్కడే ఉన్నాయి, చూడు. ఒట్టూ తప్పలేదు, పిల్లకు ముక్కా ఇచ్చాను."

"ఆ పంది సంగతో?"

"అది వాళ్లకు కావాల్సింది. నాకు కావాల్సింది దానికి ముందే అయిపోయింది."

నీ మొగుడి నాలుగు కాళ్ల మాట కూడా చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. "నిజమేగా. అతనికి మెదడుంది" అంది. వేసవిలో అతణ్ని భోజనానికి తీసుకురమ్మంది. ఇది ఆవిడ మాట. నేనైతే ఇంకో ఏడాది ఆగేదాన్ని.

వెర్దియే నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి ఆవిడ కోసం కాదు, నాకోసం. "మీరు పొగలోంచి రాగానే పారిస్ అంతా నవ్వింది మదాం. ఆ చూపు ఇంకెవరికీ రాదు. అందరూ నటిస్తారు, మీరు నిజంగానే అసహ్యించుకుంటారు!" అన్నాడు. చీపురు తీశాను. "అదే! ఆ చూపే!" అని అరుస్తూ వెనక్కి వెనక్కి నడిచి కోళ్ల నీళ్లతొట్టిలో పడ్డాడు. బయటికి లాగలేదు. తనే లేచాడు. మంచం మీంచి అత్తగారు, "ఈసారి పిడి తిప్పేవాణ్ని కూడా తెచ్చుకోవయ్యా" అంది. సిదోనీ, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మారకుండా మిగిలాను.

ఇవాళ పొద్దున కొత్త రొట్టె తెచ్చాను, పాత దుకాణంలోనే. మీ అన్నయ్య తోటలోకి వెళ్లేదాకా ఆవిడ దాన్ని ముట్టుకోనివ్వలేదు. తర్వాత మంచం మీదే బోర్లించి శిలువ గీసింది. కత్తి నేను పట్టుకుంటానంటే వద్దంది. ముక్క వంకరగా తెగింది. దాన్ని పీచు కొమ్మలు కట్టే గుడ్డ పీలికలో చుట్టి, ముడి పళ్లతో బిగించి, నా చేతికిచ్చింది. తిండిని పోస్టులో పంపడం నాకు ఏమాత్రం నచ్చని పని. ఎన్ని చేతులు, ఎన్ని సంచులు, ఏ ఎలుకలు! చేరేసరికి రాయి అయిపోతుంది. వేడి కాఫీలో నానబెట్టి తిను, పన్ను విరగ్గొట్టుకోకు.

కింద ఒక పద్దు రాయమంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పెలాజీ తన కూతురు సిదోనీకి బాకీ: రొట్టె కొసముక్క, ఒకటి. ఈ రోజు చెల్లింది.

ఓర్తాన్స్